చప్పట్లకి బదులివ్వని మండపం

మా ఆయన మీద నాకున్న ఫిర్యాదులన్నీ రాయడానికి కూర్చుంటే పుస్తకమవుతుంది. దానికి ముందుమాట కూడా తానే రాస్తానంటారు. అందుకని ఒక్కటే చెబుతాను. ఆయన ఏ గదిలోకి వెళ్ళినా చప్పట్లు కొడతారు.

భజనకి కాదు. ఇంటర్ పిల్లలకి ముప్పై ఏళ్ళుగా ఫిజిక్సు చెబుతున్న మనిషి, అందులోనూ ధ్వని పాఠమంటే ప్రాణం. కొత్త చోటికి వెళ్ళగానే మధ్యలో నిలబడి, ఒక్క చప్పట కొట్టి, తల పక్కకి వంచి, ఆ శబ్దం గోడలకి తగిలి ఎంతసేపటికి చచ్చిపోతుందో వింటారు. పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు మా పుట్టింటి హాల్లో కూడా కొట్టారు. ఆలస్యమైందని పిలుస్తున్నారనుకుని మా అమ్మ, జడ సగం వేసిన నన్ను కాఫీ పళ్ళెంతో బయటికి తోసేసింది. అలా మొదలైంది మా సంసారం.

ఇలాంటి గురుప్రసాద్ గారికి కూతురి పెళ్ళికి మండపం వెతికే పని పడింది.

మా శ్రీలలితకి కుదిరింది విజయనగరం సంబంధం. కాబోయే వియ్యంకుడు చంద్రశేఖరం గారు మహా నెమ్మదస్తులు. ఫాల్గుణంలో ముహూర్తం పెట్టుకున్నాం. పెళ్ళి ఆడపిల్లవారిది కాబట్టి శ్రీకాకుళం చుట్టుపక్కల ఎక్కడైనా సరే, హాలు పేరు చెబితే కార్డులు అచ్చుకిస్తామన్నారాయన. పెళ్ళికూతుర్ని అడిగితే డ్రోను వద్దంది, డీజే వద్దంది, పూల ఊయల అసలే వద్దంది.

"అప్పగింతలప్పుడు మామ్మ పాడాలి. అదొక్కటే నాక్కావాలమ్మా" అంది.

వినడానికి ఇంతకన్నా చిన్న కోరిక ఉండదు. మా ఇంట్లో ఇంతకన్నా పెద్దది కూడా లేదు.

మామ్మ అంటే మా అత్తగారు, జగదీశ్వరి గారు. ఎనభై రెండేళ్ళు. ఆవిడ పుట్టింటివాళ్ళు విజయనగరంలో సంగీతం చెప్పుకుంటూ బతికినవాళ్ళు. వాళ్ళమ్మ కట్టిన అప్పగింతల పాట ఒకటి ఈవిడ దగ్గరుంది. ఎక్కడా అచ్చవలేదు, ఎవరూ రాసుకోలేదు. మావాళ్ళలో ఆ పాట పాడకుండా ఏ ఆడపిల్లా బండెక్కలేదు. నా పెళ్ళిలో మా అమ్మకి పాట రాదని తెలిసి, నా అప్పగింతలకి కూడా ఈవిడే పాడారు. ఇచ్చేవాళ్ళు పాడాల్సిన పాట పుచ్చుకునేవాళ్ళు పాడటం ఏమిటో నాకు అర్థం కాలేదు గాని, ఏడుపు మాత్రం బాగానే వచ్చింది.

అలాంటి మనిషి రెండేళ్ళుగా నోరు విప్పి పాడటం లేదు.

రెండేళ్ళ క్రితం మా ఆడపడుచు కూతురు బిందు పెళ్ళి విశాఖపట్నంలో ఒక పెద్ద హాల్లో జరిగింది. అప్పగింతల వేళకి అత్తగారు బిందు పక్కన కూర్చుని పాట ఎత్తుకున్నారు. వయసుతో పాటు గొంతు సన్నబడింది. వెనక వరసల వాళ్ళకి వినిపించడం లేదని మా ఆయన పరిగెత్తుకెళ్ళి మైకు తెచ్చారు. "వద్దురా" అన్నారావిడ. ఈయన వినకుండా చేతిలో పెట్టేశారు. మైకు ఒక్క కూత కూసింది. జనం చెవులు మూసుకున్నారు, ఎక్కడో పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చింది. ఈయన మైకు లాక్కుని, అందరివైపూ తిరిగి నవ్వుతూ, "ఏమీ అనుకోకండి, మా అమ్మకి మైకు పట్టుకోవడం రాదు" అన్నారు. అందరూ నవ్వారు. అత్తగారు కూడా నవ్వారు. పాట రెండో చరణం దగ్గర ఆగిపోయింది.

ఆ తరవాత దేవుడి దగ్గర కూడా పాడలేదు. పూలు గుచ్చుతూ కూనిరాగం కూడా తియ్యలేదు. అడిగితే, "గొంతు పోయిందే హైమా" అంటారు. పోయిన గొంతుతోనే వరండాలో నిలబడి, నాలుగిళ్ళవతల ఉన్న పాలవాణ్ణి పిలుస్తారు. కాబట్టి ఆ పోయింది గొంతో, మరొకటో నాకు తేలలేదు.

మా ఆయనకి మాత్రం అనుమానమే లేదు. "దోషమంతా ఆ హాలుది. పైకప్పు వంపు తప్పు. మైకు అక్కర్లేని హాలు దొరికిందా, అమ్మ తప్పకుండా పాడుతుంది" అన్నారు.

ఇక వెతుకులాట.

బైపాసు పక్కన ఒక అద్దాల హాలు. ఈయన చప్పట కొట్టగానే అది వెళ్ళి, అటు గోడని పలకరించి, ఇటు గోడని పలకరించి, తీరిగ్గా తిరిగొచ్చింది. దాని వెనకే వాచ్‌మన్ కూడా వచ్చాడు, తననే పిలిచారనుకుని. "ఇది హాలు కాదు, నుయ్యి" అన్నారు మా ఆయన, వాడి ఎదురుగానే.

నాగావళి ఒడ్డున పచ్చగడ్డి వేసిన చోటు ఒకటి చూశాం. గోడల్లేవు. ఈయన కొట్టిన చప్పట ఏటికి అడ్డంపడి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు. పోనీ ఇది బాగుందనుకున్నాను. పెదవి విరిచారు.

"ఇక్కడ పాడితే పాట ఒరిస్సా వెళ్ళిపోతుంది."

"నుయ్యిలాగా తిరిగొస్తే తప్పన్నారు కదా?"

"అవును."

"రాకపోయినా తప్పేనా?"

"కొంచెం రావాలి హైమా."

"ఎంత?"

ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రతిధ్వనికీ ప్రతినాదానికీ తేడా ఏమిటో రెండు కంచాలూ ఒక గరిటే పెట్టి చెప్పారు. సాంబారు చల్లారిపోయింది. నేను చదివింది బి.ఏ. తేడా తెలిసినట్టే తలూపాను.

ఇంకోపక్క పురోహితుడు తూర్పుముఖం వేదిక కావాలన్నాడు. వంటాయన బోరునీళ్ళు రుచి చూసిగాని ఒప్పుకోనన్నాడు. మా ఆడపడుచు మోకాళ్ళు లిఫ్టు కావాలన్నాయి. రెండు వారాలు తిరిగేసరికి నా ఫోను నిండా ఎర్ర కుర్చీలు, తెల్ల తెరలు. ఏ ఫోటో ఏ హాలుదో తెలియదు. లిఫ్టు ఉన్నది ఎక్కడో, నీళ్ళు ఉప్పగా ఉన్నది ఎక్కడో అంతా కలిసిపోయింది. ఒకరోజు చంద్రశేఖరం గారు ఫోన్ చేసి, ఏమైనా కుదిరిందా అని అడిగితే, కంగారులో ఒకదాని లిఫ్టూ, ఒకదాని పచ్చికా, మరొకదాని వంటశాలా కలిపి ఒక హాలు వర్ణించి చెప్పాను. ఆయనకి ఎంతో నచ్చింది.

"అదే ఖాయం చేసెయ్యండమ్మా" అన్నారు.

లోకంలో లేని హాలుని ఎలా ఖాయం చెయ్యాలో తెలియక, "కనుక్కుంటామండీ" అని పెట్టేశాను.

పుష్యమాసంలో ఒక సోమవారం అత్తగారిని కారులో శ్రీముఖలింగం తీసుకెళ్ళి దర్శనం చేయించాం. తిరిగి వస్తుంటే నరసన్నపేట దాటాక రోడ్డు పక్కన బోర్డు కనిపించింది. కళ్యాణ మండపం. పక్కనే రైసు మిల్లు. రెండూ ఒకే షావుకారువి. మా ఆయన కారు ఆపేశారు.

తాళాలు పట్టుకుని మేనేజరు నాగబాబు వచ్చాడు. తలుపు తీసే ముందే క్షమాపణ మొదలెట్టాడు.

"సూడండి మాస్టారూ. లోపల కొంచెం సరుకున్నాది, ఏటనుకోకండి. పుష్యమాసంలో పెళ్ళిళ్ళుండవు కదా. మిల్లులో సోటు సాలక ధాన్యం ఇక్కడెట్టించినారు మా షావుకారు."

కొంచెం సరుకంటే, హాలుకి రెండు పక్కలా, వెనకా, కిటికీలు కనపడకుండా బస్తాలు. మనిషి ఎత్తుకి రెండింతలు. మధ్యలో వేదిక దాకా వెడల్పాటి దారి వదిలారు. కొత్త ధాన్యం వాసన. లోపలికి అడుగు పెట్టగానే ఎవరో చెవుల మీద మెత్తగా చేతులు వేసినట్టయింది. రోడ్డు మీద లారీల రొద కూడా గుమ్మం బయటే ఉండిపోయింది.

మా ఆయన మధ్యలో నిలబడి చప్పట కొట్టారు.

టప్.

అంతే. ఎటూ పోలేదు, తిరిగి రాలేదు. ఇంకోటి కొట్టారు. మళ్ళీ టప్. కొంచెం రావాలన్న మాట ఆయనే మరిచిపోయినట్టున్నారు. ఆయన మొహంలో మా పెళ్ళినాడు కూడా నేను చూడని వెలుగు వచ్చింది.

"ఏటి బాబూ, దోమలా?" అన్నాడు నాగబాబు.

అత్తగారు కాళ్ళు నొప్పులని వేదిక దగ్గర ఒక బస్తా మీద కూర్చున్నారు. మేం ముగ్గురం గుమ్మం దగ్గరికొచ్చి భోజనాల షెడ్డు గురించి మాట్లాడుకుంటున్నాం. ఇంతలో వినిపించింది. చీరకి అంటిన ధాన్యపు నూగు దులుపుకుంటూ, తనలో తనే, సన్నగా.

"ఇల్లు రెండయ్యెనే చిట్టితల్లికీ..."

ఒక్క ముక్కే. హాలు ఆ చివర నుంచి ఈ చివరకి, అక్షరం చెదరకుండా, నా పక్కన కూర్చుని పాడినట్టే వచ్చింది. మా ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. గాజు చిట్లింది. ఆవిడ తలెత్తి మమ్మల్ని చూసి ఆపేశారు.

"ఏటలా చూస్తన్నారు? ధూళికి గొంతు గరగరలాడింది."

మా ఆయన అక్కడే అడ్వాన్సు ఇచ్చేశారు. తూర్పుముఖం అడగలేదు, నీళ్ళు రుచి చూడలేదు. లిఫ్టు అవసరమే లేదు, అంతా నేలమీదే. రసీదు రాస్తున్న నాగబాబుని ఆపి ఒక షరతు మాత్రం దగ్గరుండి రాయించారు.

"రాయి. పెళ్ళికి వారం ముందే బస్తాలన్నీ తీసివేసి, హాలు పూర్తిగా ఖాళీ చేసి ఇవ్వవలెను."

రాశాక కలం తీసుకుని దాని కింద రెండు గీతలు కూడా ఆయనే గీశారు.

"ఒక్క గింజ కూడా ఉండదు బాబూ" అన్నాడు నాగబాబు, కొంచెం నొచ్చుకుని.

నాకు అప్పుడు ఏదో అడగాలనిపించింది. ఏమిటో తెలియలేదు. కారు ఎక్కాక కూడా గుర్తు చేసుకోడానికి ప్రయత్నించాను. పొయ్యి మీద ఏదో పెట్టి మరిచిపోయి ఊరెళ్ళినప్పుడు ఉంటుందే, అలా ఉంది. ఇల్లు చేరాక చూస్తే పొయ్యి మీద ఏమీ లేదు. సరే, అని ఊరుకున్నాను.

కార్డులు అచ్చయ్యాయి. చంద్రశేఖరం గారు రెండు బస్సులు మాట్లాడుకున్నారు. "ఆ లిఫ్టు ఉన్న హాలే కదమ్మా?" అని అడిగితే, "దానికన్నా మంచిదండీ" అన్నాను. మా ఆయన స్టాఫ్‌రూంలో అందరికీ ఆ మండపం గొప్పతనం చెప్పారు. కట్టినవాడెవడో ధ్వనిశాస్త్రం ఔపోసన పట్టినవాడన్నారు.

పెళ్ళికి ఆరు రోజులుందనగా అలంకరణ ఎక్కడెక్కడో చూసుకోడానికి నలుగురం వెళ్ళాం. శ్రీలలిత కూడా వచ్చింది. అత్తగారిని ఇంట్లో వదిలేస్తే పాలవాడితో గొడవ పెట్టుకుంటారని తీసుకెళ్ళాం.

గుమ్మం దగ్గరికి వెళ్ళేసరికి లోపల నలుగురైదుగురు ఆడవాళ్ళు ఊడుస్తున్న చప్పుడు. తొంగిచూస్తే ఒక్కతే ఉంది, అసిరమ్మ అని, మిల్లులో పనిచేసే ముసలావిడ. చీపురొకటే. చప్పుడు నాలుగు.

బస్తాలు లేవు. షరతు ప్రకారం ఒక్క గింజ కూడా లేదు. నున్నటి గోడలు, నున్నటి గచ్చు, పైన ఎత్తుగా రేకులు.

మా ఆయన చేతులు పైకి లేచి, చాలాసేపు అలాగే ఆగాయి. తరవాత కొట్టారు.

ఆ చప్పట వెళ్ళి వేదికని కొట్టింది, పైకప్పుకి పాకింది, పక్కగోడల నుంచి చుట్టాలని వెంటేసుకుని తిరిగొచ్చింది. అసిరమ్మ చీపురు పట్టుకుని అటూ ఇటూ చూసింది.

"ఓలమ్మా! అప్పుడే పెళ్ళోరొచ్చీసినారేటి?"

అప్పుడు తట్టింది నాకు ఆ రోజు అడగాలనుకున్న ప్రశ్న. ఇప్పుడు దాంతో పనిలేదు.

శ్రీలలిత తండ్రిని చూసింది. ఇంటర్ ఆయన దగ్గరే చదువుకుంది పిల్ల. "నాన్నా" అంది మెల్లగా. "ధ్వనిని పీల్చుకునే పదార్థాలు ఏవి? ఉదాహరణలివ్వండి. నాలుగు మార్కులు. తెరలు, పరుపులు, గోనెలు... మీరే చెప్పారు."

ఆయన, మా వెనకే లోపలికొచ్చిన నాగబాబు చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారు. పక్కకెళ్ళినా లాభం లేదు, ఆ హాల్లో ఎవరు ఏ మూల గుసగుసలాడినా అందరికీ పంచుతుంది.

"నాగబాబూ, ఆ బస్తాలు మళ్ళీ పెట్టించగలవా?"

"ఏటి బాబూ?"

"ఒక్కరోజుకే."

"మీరే కదా మాస్టారూ తీసీమన్నారు. రెండు గీతలు కూడా గీసినారు. రసీదు సూపించమంటారా?"

"అది కాదు. అవే ఎక్కడున్నాయో..."

"ఎక్కడుంటాయి బాబూ! ఆ ధాన్యం బియ్యమైపోనాది. బియ్యం ఈపాటికి అన్నమైపోనాది."

మా ఆయన తిరిగొచ్చి, మనుషులు కూడా ధ్వనిని పీల్చుకుంటారనీ, నాలుగు వందలమంది వచ్చి కూర్చుంటే అంతా సర్దుకుంటుందనీ అన్నారు.

"మనవాళ్ళు పీల్చుకునే రకం కాదండీ, చేసే రకం" అన్నాను.

"అయితే టెంట్‌హౌస్ పరుపులు తెప్పించి గోడలకి కట్టిద్దాం."

"నా పెళ్ళా, పరుపుల కొట్టా?" అంది శ్రీలలిత. నవ్వుతూ అనబోయింది గాని నవ్వు సగంలోనే పోయింది. "వద్దు నాన్నా. వదిలేద్దాం. పాట లేకపోతే లేదు."

ఆ 'లేదు' హాలంతా తిరిగింది. దాని కళ్ళలో నీళ్ళు చూసి నేను చూపు తిప్పుకున్నాను. ఒక్కటే అడిగింది పిల్ల. ఊయల అడిగుంటే ఈపాటికి పది కట్టించేవాళ్ళం.

అత్తగారు ఒక ప్లాస్టిక్ కుర్చీ ఈడ్చుకుని కూర్చున్నారు. కుర్చీ కాళ్ళు కీచుమని మండపమంతా మోగాక, నెమ్మదిగా అడిగారు.

"ఒరే గురూ, ఇదంతా దేనికిరా?"

"నీ పాట కోసమేనమ్మా."

"నా పాటకోసమా? నాలుగొందలమందికి వినిపించాలని ఎవరు చెప్పార్రా నీకు? పిల్ల తల భుజానికి ఆనించుకుని, దాని చెవిలో పాడే పాట అది. మా అమ్మ నాకలాగే పాడింది. నీ పెళ్ళిలో దీనికీ అలాగే పాడాను. పక్కనున్నవాళ్ళు విన్నారంటే, వాళ్ళు నోళ్ళు మూసుకుని చెవులు పెట్టారు కాబట్టి."

ఆ మాట నిజమే. నా పెళ్ళిలో ఆవిడ ఊపిరి నా చెవికి వెచ్చగా తగలడం నాకు గుర్తుంది. ఇన్ని హాళ్ళు తిరిగినప్పుడు ఎందుకు గుర్తుకు రాలేదో మాత్రం తెలియదు. అందరం కలిసి హాలుని అడిగాం, గోడల్ని అడిగాం. ఆవిడని ఎవరూ అడగలేదు.

"మరి రెండేళ్ళనుంచి ఎందుకు పాడటం లేదు?" అన్నారు మా ఆయన. "ఆ విశాఖపట్నం హాలు వల్లే కదా? ఆ పైకప్పు..."

"హాలేటి చేసిందిరా, పాపం." ఆవిడ కొంగు ఒళ్ళో వేసుకుని మడతలు పెడుతున్నారు. "రైల్లో పాడాను. పొయ్యి దగ్గర పాడాను. పురుళ్ళ గదిలో పాడాను. ఇన్నేళ్ళలో ఏ గోడా నన్ను ఒక్క మాట అనలేదు."

మా ఆయన పైకప్పు వంక చూశారు, గోడల వంక చూశారు.

మామూలుగా ఇలాంటప్పుడు నేనే ఏదో ఒకటి అని ఆయన్ని గట్టెక్కిస్తాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా నా ఉద్యోగం అదే. ఆరోజు సెలవు పెట్టాను. అసిరమ్మ వైపు చూసి, కాసేపు చీపురు ఆపమని సైగ చేశాను. శ్రీలలిత వెళ్ళి మామ్మ కుర్చీ పక్కన గచ్చు మీద కూర్చుంది. మిల్లు కూడా భోజనాల వేళకి ఆగిపోయినట్టుంది, ఎక్కడా చప్పుడు లేదు.

మా ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు. ముందుకి తెచ్చుకున్నారు. చప్పట్లు కొట్టడం తప్ప ఆ చేతులతో ఏం చెయ్యాలో ఆయనకి తెలిసినట్టు లేదు. తల్లి వైపు రెండడుగులు వేసి ఆగిపోయారు.

"నువ్వు వద్దన్నావు" అన్నారు. "నేనే మైకు పెట్టాను నీ చేతిలో. కూసింది మైకు. నేను నిన్ను అన్నాను. అందరి ముందూ. తప్పు నాదేనమ్మా."

ఆ మాట వెళ్ళి వేదికని తాకింది. పైకప్పుకి పాకింది. నాదేనమ్మా, నాదేనమ్మా అంటూ నాలుగు గోడల నుంచీ వరసగా తిరిగొచ్చింది. నా సంసారంలో ఒక్కసారైనా చెవినపడుతుందా అనుకున్న మాట, ఇన్నిసార్లు, ఇన్ని దిక్కుల నుంచి. ఇంత మంచి హాలుని బస్తాలతో నింపమన్నందుకు ఆయన మీద నాకు కోపమొచ్చింది.

అత్తగారు శ్రీలలిత తలని తన మోకాలికి ఆనించుకుని, జుట్టు సవరిస్తూ, రెండో చెయ్యి చెవి దగ్గర పెట్టుకున్నారు.

"ఏటన్నావురా? ఈ దిక్కుమాలిన హాల్లో ఒక్క ముక్కా సరిగ్గా వినపడదు. దగ్గరికొచ్చి చెప్పు."

మా ఆయన దగ్గరికి వెళ్ళి, వంగి, ఆవిడ చెవిలో మళ్ళీ చెప్పారు.